నూట పన్నెండు ఘనపు మీటర్లు

మా కెమిస్ట్రీ మేడం గారు పోయారన్న కబురు పోయిన మంగళవారం రెండో పీరియడ్‌లో తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్లలచేత బోర్డు మీద సమీకరణం తుల్యం చేయిస్తున్నాను. బల్ల మీద ఫోను వెలిగింది. వాళ్ళమ్మాయి పెట్టిన మెసేజి: ‘అమ్మ ఈ ఉదయం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. రేపు పదకొండింటికి సమాధి కార్యక్రమం.’ చదివి, ఫోను బోర్లించి, హైడ్రోజన్ ముందు రెండు ఎందుకు రాయలేదని బోర్డు దగ్గరున్న పిల్లాణ్ణి అడిగాను. సగం తుల్యమైన సమీకరణాన్ని బోర్డు మీద వదిలేసి వెళ్ళడం ఆవిడకి నచ్చేది కాదు. అది పూర్తయ్యాకే బయటికి వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి ఇరవై ఏళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. మొన్న మొన్నటిదాకా, ఎప్పుడో ఒకప్పుడు చెప్పేస్తాను కదా అని ధైర్యంగా ఉండేదాన్ని. ఇప్పుడు ఆ మాట వినాల్సిన మనిషి లేరు. అందుకని మీకు చెబుతున్నాను.

రాజోలు వైపు ఒక జూనియర్ కాలేజీలో ఆవిడ మాకు రసాయనశాస్త్రం చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నేత చీర, నల్ల గొడుగు, జేబురుమాల్లో చుట్టిన ఎర్ర పెన్ను. వాళ్ళ తాతగారు కూలికి వెళ్ళిన చేలగట్ల మీదుగానే ఆవిడ కాలేజీకి నడిచి వచ్చేవారని తరవాతెప్పుడో తెలిసింది. ఆవిడ నోట ఆ ప్రస్తావన ఎప్పుడూ రాలేదు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో మోల్ పాఠం మొదలుపెట్టిన రోజున క్లాసుకి ఒక కూజా, ఒక చిన్న మందు గ్లాసు పట్టుకొచ్చారు. దగ్గు మందు సీసా మీద బోర్లించి ఉంటుందే, అలాంటి గ్లాసు. పద్దెనిమిది మిల్లీలీటర్ల దగ్గర గోళ్ళరంగుతో గీత పెట్టి ఉంది. ఆ గీతదాకా నీళ్ళు పోసి, ముందు బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరిచేతా తాగించారు. అందరికీ అదొక్కటే గ్లాసు. ఆ సంగతి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా వెనకాడితే మాత్రం వాళ్ళు తాగేదాకా గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

“ఇప్పుడు మీరు తాగింది ఒక మోలు నీళ్ళమ్మా. ఎన్ని అణువులు తాగేరు?”

ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలని పుస్తకంలో చూసి అరిచాం.

“అంటే?” అన్నారు.

వెనక బెంచీ నుంచి ఒకడు, “దాహం తీరలేదండి” అన్నాడు. మేం నవ్వుతుంటే ఆవిడ మాత్రం వాడి దగ్గరికి వెళ్ళి భుజం తట్టారు. “అదీ జవాబు. అన్ని అణువులు తాగేక కూడా దాహం తీరలేదు. అది రాసుకోండి, తక్కినది పుస్తకంలో ఉంది.”

‘అంటే’ అనేది ఆవిడ పద్ధతి. మా నోట్సులో ప్రతి లెక్కకీ నాలుగు భాగాలుండాలి: ఇచ్చింది, అడిగింది, లెక్క, చివర ‘అంటే’. ఆ చివరి గీత మీద, వచ్చిన జవాబు కంటికి కనిపించేలా ఒక వాక్యం రాయాలి. ఇన్ని లీటర్లు అని వదిలేస్తే ఒప్పుకునేవారు కాదు. ఎన్ని బిందెలు? ఇన్ని గ్రాములంటే ఎన్ని గుప్పెళ్ళు? ఎంత గది నిండుతుంది? అది రాయకపోతే జవాబు సరైనదైనా టిక్కు పడేది కాదు. యూనిట్ రాయకపోతే ఇంకా కోపం. “యూనిట్ లేని అంకె అబద్ధం అమ్మా. నూట పన్నెండంటే ఏంటి? నూట పన్నెండు చీమలా, ఏనుగులా?” అని పుస్తకం వెనక్కి తోసేసేవారు.

రోజుకి పది లెక్కలు చేయించేవారు. ఆదివారం మినహాయింపు, అదీ చర్చి ఉంది కాబట్టి. రఫ్ వర్కు పుస్తకం చివరి పేజీల్లో పెన్సిల్‌తో చేసుకోవాలి, చెరపకూడదు. పుస్తకాలు దిద్దేటప్పుడు ఆవిడ వెనక నుంచి మొదలుపెట్టేవారు. ముందు రఫ్, ఆ తరవాతే అసలు పేజీ. ఎందుకండీ అని అడిగితే, “ముందు పేజీలో మీరు నాకు చూపించాలనుకున్నది ఉంటుంది. వెనక పేజీలో మీరు ఉంటారు” అన్నారు. ఈ మాట దయచేసి గుర్తు పెట్టుకోండి. నేను ఇరవై ఏళ్ళు మర్చిపోయాను.

లెక్కలు పుస్తకంలోంచి తక్కువ ఇచ్చేవారు, మా ఇళ్ళలోంచి ఎక్కువ తీసేవారు. ఆత్రేయపురం నుంచి వచ్చే అమ్మాయికి ఒక పూతరేకులో పడే పంచదార ఎన్ని మోల్సని అడిగారు. కొబ్బరికాయల వ్యాపారి కొడుకుతో, ఒలిచిన కొబ్బరి డొక్క కాలిస్తే వచ్చే బూడిద లెక్క కట్టించారు. కువైట్‌లో తండ్రి ఉన్న కుర్రాడికి వంటగ్యాసు బండ లెక్క ఇచ్చారు, ఎందుకంటే వాడింట్లో అప్పుడే కొత్తగా బండ వచ్చింది. వాళ్ళందరూ గర్వపడేవారు. నా వంతు ఎప్పుడొస్తుందో అని నేను మాత్రం బెదురుతూ కూర్చునేదాన్ని.

మా నాన్న గుల్లసున్నం బట్టీలో పనిచేసేవాడు. ఉప్పుటేరు ఒడ్డున రేకుల షెడ్డు, మధ్యలో బట్టీ. నత్తగుల్లలూ కొబ్బరి డొక్కలూ వరస మీద వరస పేర్చి నిప్పు వేస్తారు. వెల్లకీ రొయ్యల చెరువులకీ ఆ సున్నం వెళుతుంది. నాన్న రెప్పల మీద కూడా తెల్లగా ఉండేది. అరికాళ్ళు పగిలి ఉండేవి. తెల్ల చొక్కాలేసుకుని వచ్చే తండ్రులున్న క్లాసులో, మా నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే ‘సిమెంటు పని’ అని చెప్పేదాన్ని. పదహారేళ్ళు నాకు. అది సాకు కాదని తెలుసు.

ఆ గురువారం ఆఖరి పీరియడ్‌లో నా వంతు వచ్చింది. అల్పపీడనం పట్టి పొద్దుటి నుంచీ ముసురు. మేడం గారు బోర్డు మీద రాశారు: అయిదు వందల కేజీల గుల్ల బట్టీలో కాలిస్తే ఎన్ని కేజీల సున్నం వస్తుంది, ఎన్ని లీటర్ల బొగ్గుపులుసు వాయువు వస్తుంది?

“ఇది ఎవరి లెక్కో తెలుసా? ఈ అమ్మాయి వాళ్ళ నాన్నగారిది. ఆయన రోజూ చేసే రసాయన చర్య నేను ల్యాబులో చెయ్యలేను” అన్నారు. ఆవిడ గౌరవంగానే అన్నారు. నాకు మాత్రం మా నాన్న కాళ్ళు బోర్డు మీదకి ఎక్కినట్టయింది. క్లాసంతా నా వైపు తిరిగింది.

అయినా అందరికంటే ముందు నేనే చేశాను. అయిదు వేల మోల్సు. రెండు వందల ఎనభై కేజీల సున్నం. లక్షా పన్నెండు వేల లీటర్ల వాయువు. ‘అంటే’ దగ్గర ఆగిపోయాను. రాయడానికి తోచక కాదు, రాస్తే మా షెడ్డు గురించి రాయాలి. మేడం గారు బెంచీల మధ్య నడుచుకుంటూ నా దగ్గరికొచ్చే సరికి గంట కొట్టారు. బయట వాన పెరిగింది. మా ఊరి బస్సు తప్పితే మళ్ళీ గంటన్నరకి గాని లేదని ఆవిడకి తెలుసు. ఖాళీగా ఉన్న ఆ గీత చూశారు, నా మొహం చూశారు, ఒక్క క్షణం ఆగి టిక్కు పెట్టేశారు. ఆ ఏడాది ‘అంటే’ లేకుండా ఆవిడ పెట్టిన టిక్కు అదొక్కటే.

గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. పనిలోంచి అలాగే సైకిలేసుకుని వచ్చేశాడు. తల మీద ప్లాస్టిక్ గోనె, ఒళ్ళంతా తడిసిన సున్నం, చేతిలో విప్పని గొడుగు. ఇప్పుడే వాళ్ళందరూ లెక్క కట్టిన మనిషి, వాళ్ళందరి ముందూ. నేను గొడుగు లాక్కుని, “ఈ అవతారంతో ఇక్కడికి రావద్దు నాన్నా” అన్నాను.

“తడిసిపోతావనొచ్చేనమ్మా. సరేలే, రాన్లే” అని సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోట్సు తెరిచాను. అలవాటు అలాంటిది. ఖాళీ గీత కనపడితే ఊరుకోలేని స్థితికి తెచ్చేశారు ఆవిడ మమ్మల్ని. చివరి పేజీ తిప్పి పెన్సిల్‌తో వేశాను. లీటర్లని వెయ్యితో భాగిస్తే నూట పన్నెండు. మా బట్టీ షెడ్డు పొడవు ఆరు, వెడల్పు అయిదు, ఎత్తు మూడు మీటర్లు. ఆ కొలతలు నాకు తెలుసు, షెడ్డు వేసినప్పుడు టేపు రెండో చివర పట్టుకుంది నేనే. గుణిస్తే తొంభై, షెడ్డులో పట్టే గాలి అంతే. నూట పన్నెండు తొంభై కన్నా ఎక్కువని గుర్తు పెట్టాను. అప్పుడే బస్సు ఉప్పుటేరు మలుపు తిరిగింది. బట్టీ దగ్గర వాన జల్లు లోపల కొట్టకుండా షెడ్డుకి నాలుగు వైపులా టార్పాలిన్ బరకాలు దించి తాళ్ళతో బిగించి కడుతున్నారు. లోపల బట్టీ కాలుతోంది.

చూశాను. కాగితం మీద ఉన్నదీ బయట ఉన్నదీ ఒకటేనని నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను, కుదరలేదు.

నాన్న చీకటి పడకముందే ఇంటికొచ్చాడు. స్నానం చేసి అన్నానికి కూర్చుని, రోజూ అడిగే మాటే అడిగాడు. “ఏమ్మా, ఈరోజేం చెప్పేరు మీ మేడం గారు?” రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆయనకి సగం అర్థమయ్యేది కాదు, అయినా “ఆయ్, ఆయ్” అంటూ వినేవాడు. ఆ పూట మాత్రం, “ఏం లేదు” అన్నాను. గేటు దగ్గరి కోపం ఇంకా దిగలేదు. పైగా, వాయువు ఒక్కసారిగా రాదు కదా, సందుల్లోంచి పోతుంది కదా, రేపు చెబుదాంలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తెల్లారి నేను లేచేసరికి ఆయన పనికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మొదటి గంటలో మేడం గారు అందరి నోట్సులూ దిద్దడానికి తీసుకున్నారు. తీసుకున్న పుస్తకాలు ఆ రాత్రికే దిద్దేసేవారు ఆవిడ. మూడో గంటలో నాన్నతో కలిసి పనిచేసే బాబాయి కాలేజీకి వచ్చాడు. మెట్ల మీదే కూలబడిపోయాడు. మేడం గారే ఆయన పక్కన కూర్చుని అడిగారు.

“టీ తాగొద్దామన్నానండి. నువ్వెళ్ళు, ఇక్కడ వెచ్చగా ఉంది అన్నాడండి. నేను తిరిగొచ్చేసరికి స్తంభానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడండి. కునుకు పట్టిందనుకున్నాను. బరకం పైకెత్తి పిలిచేను. పలకలేదండి.”

ఊపిరాడక పోయాడని డాక్టరు రాసిచ్చారు. డొక్కలు అరకొరగా కాలితే వచ్చే విషం కూడా అందులో కలిసి ఉంటుందని నాకిప్పుడు తెలుసు. నా లెక్కలో అది లేదు. కాని ఆ పూట మా నాన్నని బయటికి రప్పించడానికి నా లెక్క చాలు.

మూడో రోజున మేడం గారు మా ఇంటికి వచ్చారు. చీర కుచ్చెళ్ళు తడిసిపోయి ఉన్నాయి. అమ్మ పక్కన నేల మీద చాలాసేపు కూర్చున్నారు. వెళ్ళేముందు నన్ను అరుగు మీదకి పిలిచారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ మాటలు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

“గురువారం నీ పుస్తకంలో ఆఖరి గీత ఖాళీగా ఉందమ్మా. చూసి కూడా టిక్కు పెట్టేను, బస్సు తప్పిపోద్దని. ఆ వాక్యం నీచేత రాయించి ఉంటే నువ్వు ఇంటికెళ్ళి మీ నాన్నగారికి చెప్పి ఉందువు. తప్పు నాది. నీది కాదు. ఎవరేమన్నా, నీకు నువ్వేమనుకున్నా, ఇది గుర్తు పెట్టుకో.”

నేను చెప్పాల్సింది ఒక్క మాట. ‘నాకు తెలుసండీ, బస్సులోనే తెలుసు’ అని. నోరు విప్పలేదు. అప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు, బరువు దిగినట్టు అనిపించింది. తప్పు మోసే మనిషి ఒకరు దొరికారు. ఆ రాత్రి అమ్మ ఏడుస్తూ ఎందుకిలా అయిందే అని అడిగితే, మేడం గారు ఆ లెక్క సరిగ్గా చెప్పలేదు అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నాలుక మీద సున్నం పడ్డట్టే ఉంటుంది.

నెల తిరిగాక బట్టీ మళ్ళీ వెలిగించారు. వానలు ఇంకా పోలేదు. నాలుగు వైపులా మళ్ళీ బరకాలు దించారు. ఆ సంగతి విని మేడం గారు ఆటో కట్టించుకుని వెళ్ళారు. నేనూ అమ్మా అప్పుడు బట్టీ యజమాని దగ్గరికే ఏదో కాగితం మీద వేలిముద్రకి వెళ్ళి ఉన్నాం కాబట్టి చూశాను. ఉప్పుటేటి కాలవ వైపు బరకం విప్పెయ్యమన్నారు మేడం గారు.

“జల్లు కొడితే సున్నం పువ్వైపోద్దండి మేడం గారూ, ఎందుకూ పనికిరాదు” అన్నాడు యజమాని.

“పోతే పోనివ్వండి” అన్నారు ఆవిడ.

ఆయన నవ్వాడు. మేడం గారు లోపలున్న వాళ్ళని బయటికి రమ్మన్నారు. ఓ గంట పాటు ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నారు. ఆ గంటా గొడుగు కింద నిలబడే ఉన్నారు. తరవాత సంచీలోంచి చర్చిలో వెలిగించే కొవ్వొత్తి తీసి వెలిగించి, పొడుగాటి వెదురు గడకి కట్టించి, బరకం అంచు పైకెత్తి లోపలికి తోయించారు. మంట పొట్టిదయింది, పసుపు పచ్చదనం పోయింది, ఆరిపోయింది. గాలి వల్లేమోనని యజమాని అన్నాడు. మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆరింది. మూడోసారి గడ బాబాయి చేతికిచ్చారు. ఆరిపోయిన కొవ్వొత్తిని బయటికి లాగి చూసి బాబాయి గడ కింద పడేసి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆ తరవాత యజమాని నవ్వలేదు. కాలవ వైపు బరకం ఆవిడ చెప్పినట్టే విప్పేశారు.

ఆవిడ అక్కడితో వదల్లేదు. ఏటా తొలి వానలు పడగానే వెళ్ళి ఆ వైపు తెరిచి ఉందో లేదో చూసి వచ్చేవారు. రిటైరయ్యాక కూడా వెళ్ళేవారు. ప్రతి బ్యాచికీ ఆ లెక్క ఇచ్చేవారు, చివరి గీత నిండకుండా ఎవరినీ గంట కొట్టినా కదలనిచ్చేవారు కాదట. నాకు మాత్రం ఆ లెక్క మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు. నేను కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంటే, ఆదివారం ఆరాధన ముగించుకుని తెల్లచీరతోనే మా ఇంటికి వచ్చి, నులక మంచం మీద కూర్చుని పది లెక్కలు చేయించేవారు. నేను మొండికేసేదాన్ని. ఒకసారి పెన్సిల్ విరగ్గొట్టి విసిరేశాను. ఆవిడ వంగి రెండు ముక్కలూ ఏరి, రెండూ చెక్కి, “ఇప్పుడు రెండున్నాయి” అని ఒకటి నా చేతిలో పెట్టారు. అలా ఇంటర్ గట్టెక్కాను. డిగ్రీ, బీఈడీ అయ్యాయి. ఇవాళ నా చేతిలో సుద్దముక్క ఉందంటే ఆవిడ వల్లే. ఆవిడకి నేను తిరిగి ఇచ్చింది మౌనం.

చెప్పాలని చాలాసార్లు వెళ్ళాను. ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్ళాను. పెళ్ళి పిలుపుకి వెళ్ళాను. ఆవిడ రిటైరైన రోజున వెళ్ళాను. ఆ రోజు సభలో ఎవరో, మీ సర్వీసులో మర్చిపోలేనిది చెప్పండి మేడం అని అడిగితే, “ఒకసారి తొందరపడి టిక్కు పెట్టేనండి” అని కూర్చుండిపోయారు. అందరూ వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. నేను మూడో వరసలో ఉన్నాను. నా చేతులు కూడా చప్పట్లు కొట్టాయి.

పోయిన నెల ఆదివారం మధ్యాహ్నం ఆఖరిసారి చూశాను. అన్నవాహికలో క్యాన్సరు. మలికిపురంలో వాళ్ళ ఇంట్లోనే, కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. మనిషి దుప్పటి కింద ఉన్నారో లేదో తెలియనంతగా అయిపోయారు. కువైట్‌లో నర్సుగా చేసే వాళ్ళమ్మాయి సెలవు పెట్టి వచ్చి ఉంది, నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. మేడం గారు మంచినీళ్ళు అడిగితే అక్క బల్ల మీది గ్లాసు తీసి నాకిచ్చింది. గోళ్ళరంగు గీత ఉన్న అదే మందు గ్లాసు. చెంచాతో కొంచెం కొంచెంగా పోశాను. సగం పెదవుల పక్కనుంచి కారిపోయింది. గ్లాసు అయిపోయాక చెయ్యెత్తి చాలన్నారు.

“ఒక మోలు,” అన్నారు. గొంతు పీలగా ఉంది. “రోజుకి ఇంతే దిగుతోందమ్మా. దాహం తీరదు.”

అక్క లోపలికి వెళ్ళింది. ఇదే సమయం అనుకున్నాను. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, “మేడం గారూ, మా నాన్న పోయేముందు రోజు నేను బస్సులో...” అన్నాను.

“మీ బళ్ళో ఈ ఏడు తొమ్మిదో తరగతి ఎంతమందమ్మా?” అన్నారు.

“నలభై ఒక్కరండి. ఆ రోజు బస్సులో...”

“ల్యాబు ఉందా?”

“బీరువా ఉందండి. తాళం హెడ్మాస్టరు గారి దగ్గరుంటుంది.”

“తాళం నీ దగ్గర పెట్టుకో” అన్నారు. కళ్ళు మూసుకున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. మనిషి అలిసిపోయారు, వినిపించడం లేదు, మళ్ళీ వారం వద్దాం అనుకున్నాను. నా జీవితంలో రెండోసారి, రేపు చెబుదాంలే అనుకున్నాను.

బుధవారం సమాధుల తోటలో ముసురు. పెట్టె మీద ఎవరికి వాళ్ళు గుప్పెడు మట్టి వేశారు. మట్టి తడిగా ఉండి వేళ్ళకి అంటుకుపోయింది, నేను రెండుసార్లు దులపాల్సి వచ్చింది. శుక్రవారం ఇంటి దగ్గర ఆదరణ కూడిక. పాస్టరు గారు ప్రార్థన ముగించి, అందరూ భోజనాలకి లేచాక అక్క నన్ను లోపలి గదికి పిలిచి బీరువా తీసింది.

“ఇది నీకిమ్మంది అమ్మ. బతికుండగా ఇవ్వొద్దంది. నేను పోయేకే ఇయ్యి, దానిచేతికే ఇయ్యి అంది. ఎందుకో నాకు తెలీదు.”

బ్రౌన్ అట్ట. పైన పదహారేళ్ళ నా చేతిరాతలో నా పేరు, ఎం.పి.సి., మొదటి సంవత్సరం. ఆ శుక్రవారం మొదటి గంటలో ఆవిడ తీసుకున్న నోట్సు. నేను ఎప్పుడూ తిరిగి అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.

గురువారం పేజీ తీశాను. అయిదు వేల మోల్సు, రెండు వందల ఎనభై కేజీలు, లక్షా పన్నెండు వేల లీటర్లు. కింద ‘అంటే’, ఖాళీ గీత. పక్కన ఎర్ర టిక్కు. మూసేయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ ఎక్కడినుంచి దిద్దుతారో.

చివరి పేజీ తిప్పాను. పెన్సిల్ గీతలు మసకబారాయి కాని పోలేదు. బస్సు కుదుపులకి వంకరపోయిన అంకెలు. ఆరు ఇంటూ అయిదు ఇంటూ మూడు, తొంభై. దాని పక్కన నూట పన్నెండు, తొంభై కన్నా ఎక్కువన్న గుర్తు. తొందరలో నేను ఏ అంకె పక్కనా యూనిట్ రాయలేదు. రెండు అంకెల పక్కనా ఎర్ర సిరాతో, ఆవిడ గుండ్రటి రాతలో, ‘ఘ.మీ.’ అని రాసి ఉంది. ఆ కింద చిన్న టిక్కు.

మా ఇంటి అరుగు మీద నా చేతులు పట్టుకుని తప్పు నాదమ్మా అన్ననాటికే ఆవిడ ఈ పేజీ చూశారు. నాకు తెలుసని ఆవిడకి తెలుసు. తెలిసే ఆ మాట అన్నారు. ఇరవై ఏళ్ళు ఏటా వానలో వెళ్ళి నిలబడ్డారు. సభలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నారు. నేను చెప్పబోతే ల్యాబు ఉందా అని అడిగారు. పదహారేళ్ళ పిల్ల మొయ్యలేదని ఎత్తుకున్న బరువుని చివరిదాకా కింద పెట్టలేదు. నేను ఆ గది గచ్చు మీద కూర్చుని పెద్దగా ఏడ్చాను. అక్క తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది.

తిరుగు ప్రయాణంలో ఉప్పుటేరు మలుపు దగ్గర బస్సు దిగిపోయాను. బట్టీ కాలుతోంది. మూడు వైపులా బరకాలు బిగించి ఉన్నాయి. బాబాయి ముసలాడైపోయాడు, ఇప్పుడు పని చెయ్యలేడు, స్టూలు వేసుకుని కొత్తవాళ్ళకి పని చెబుతుంటాడు. మేడం గారు పోయారని చెప్పాను. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

జల్లు కాలవ వైపునుంచి నేరుగా లోపలికి కొడుతోంది. పనివాడొకడు గొణుక్కుంటూ తడిసిన సున్నాన్ని పారతో లోపలికి లాగుతున్నాడు. ఆ వైపు కూడా బరకం దించేయొచ్చుగా అన్నాను. ఎందుకన్నానో తెలీదు, వినాలనిపించింది.

వాడు పార ఆపి, నేనెవరో తెలియని కళ్ళతో చూశాడు. “అమ్మో, అది మేడంగారి వైపండి. ముయ్యకూడదు.”

“ఏ మేడం గారు?”

“ఏమోనండి. నేనొచ్చేటప్పటికే అలా అనీవోరు” అని మళ్ళీ పనిలో పడ్డాడు.

నోట్సు కొంగు కింద పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. తెరిచిన వైపు అంచున ఉన్న సున్నం మీద చినుకులు పడుతున్నాయి. పడ్డచోటల్లా చిటపటలాడి తెల్లటి ఆవిరి లేస్తోంది. లేచిన ఆవిరి షెడ్డులో నిలవకుండా, ఆ ఖాళీలోంచి కాలవ మీదుగా కొబ్బరితోటల్లోకి వెళ్ళిపోతోంది.